గుమ్మం దగ్గర గుమ్మడికాయ

కన్నతల్లి ఎవరో తనకు తెలియదని రాసిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని చిత్రకళా సంరక్షణ మండలి వారు కడలి భానుమూర్తికి సెలవిచ్చారు. ఊరికే అనలేదు. కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, పంచదార సరిపోయిందా అని అడిగి మరీ అన్నారు. కాబట్టి మండలి వారికి మర్యాద తెలియదని అనడానికి ఎవరికీ నోరు లేదు.

ఈ గొడవకంతటికీ మూలపురుషుడు గంధం ఫిలిప్పు మాస్టారు. నరసాపురంలో ఒక బళ్ళో డ్రాయింగు మాస్టారు. బడి రోజుల్లో పిల్లల చేత మామిడికాయ, కూజా, గొడుగు గీయించి, సెలవు రోజుల్లో చంకలో కాన్వాసు పెట్టుకుని వీధులంట తిరిగేవారు. ఏదో లైబ్రరీలో ఫ్రాన్సు దేశపు చిత్రకారుల పుస్తకం ఒకటి ఆయన కళ్ళబడింది. వాళ్ళని ఇంప్రెషనిస్టులంటారట. మనిషిని వదిలేసి మనిషి మీద పడిన ఎండని పట్టుకుంటారట. అప్పట్నుంచీ మాస్టారికి ముక్కూ మొహం మీద శ్రద్ధ పోయింది. ఆయన బొమ్మ దగ్గరికెళ్ళి చూస్తే రంగు మచ్చలు, నాలుగడుగులు వెనక్కి వేస్తే మనిషి. ఊళ్ళోవాళ్ళకి వెనక్కి నడిచే తీరిక లేక, మాస్టారికి చూపు ఆనడం లేదని తేల్చుకుని, పాలకొల్లులో కంటి శిబిరం పెడితే రిక్షా కట్టించి పంపించారు. డాక్టరు చూసి కళ్ళు లక్షణంగా ఉన్నాయన్నాడు. దాంతో ఊరికి ఇంకా భయం వేసింది.

ఆయన గోదారిని వేశారు, పడవల్ని వేశారు, అరుగుల మీద కూర్చుని లేసు అల్లుకునే ఆడవాళ్ళని వేశారు. బొమ్మ కింద సంతకమైతే చేసేవారు గానీ తేదీ వేసేవారు కాదు. ఎండకి తేదీ ఏమిటనేవారు. ఆయన పోయాక ఆ బొమ్మలు కొన్నాళ్ళు బడి గోడల మీదా, కొన్నాళ్ళు కోళ్ళగూళ్ళ మీదా కాలక్షేపం చేశాయి. ఆ తర్వాత హైదరాబాదులో ఒక పెద్దాయన ఒకటి తెచ్చి హాల్లో తగిలించుకున్నాడు. వాళ్ళింటికి భోజనానికొచ్చిన ఇంకో పెద్దాయనకి అన్నం సహించలేదు. అంతే, ఏడాది తిరక్కుండా నరసాపురం కోళ్ళకి నీడ కరువైంది.

తమాషా ఏమిటంటే గోదారి బొమ్మల జోలికి ఎవరూ పోలేదు. గోదారి ఉన్నచోటే ఉంది, కావలిస్తే కారేసుకెళ్ళి చూడొచ్చు. అందరికీ ఆడవాళ్ళ బొమ్మలే కావలసి వచ్చాయి. నుదురు దగ్గర ఒక గీత, బుగ్గ మీద ఇంత ఎండ, అంతే మొహం. మిగతాది కొనుక్కున్నవాడి ఇష్టం. ఆవిడకి పేరు లేదు, ఊరు లేదు, మొగుడు లేడు, ఎదురు మాట్లాడదు. అలాంటి మనిషి ఇంట్లో దొరుకుతుందంటే ఎగబడరూ మరి. బొమ్మలు కొని పోగుచేసే సేకర్తలు ఎగబడ్డారు.

సేకర్తలు ఎగబడిన చోట ప్రభుత్వానికి సంస్కృతి గుర్తుకొస్తుంది. అలా పుట్టిందే చిత్రకళా సంరక్షణ మండలి. నరసాపురంలో మూతపడిన ఒక పాత లేసు గోదాముకి సున్నం వేయించి మ్యూజియం అన్నారు. సేకర్తలు తమ బొమ్మల్ని అరువిస్తారు, ఏడాదంతా జనం చూస్తారు, అదీ ఏర్పాటు. అందులో బొమ్మల బాగోగులు చూసి, కింద వివరాలు రాసే సహాయ క్యురేటరు భానుమూర్తి. టెంపరరీ. ఎన్నాళ్ళుగా టెంపరరీ అంటే, ఊళ్ళో ఆ మాట అతని ఇంటిపేరుకి ముందు చేర్చి పిలిచేంత.

మ్యూజియానికి రాబోయే బొమ్మలన్నిట్లోకీ పేరున్నది ‘గుమ్మం దగ్గర స్త్రీ’. ఎడమ వైపు నుంచి ఎండ పడుతూంటుంది. గుమ్మానికి చేరగిలబడి ఒక ఆడమనిషి ఒళ్ళో లేసు పెట్టుకుని తల వంచుకుని కూర్చుంటుంది. కదలదు. ఆమె మోకాలి పక్కన గుండ్రంగా ఒక పసుపుపచ్చ మచ్చ. ఆ ఆడమనిషి భానుమూర్తి తల్లి మాణిక్యం. పసుపుపచ్చ మచ్చ భానుమూర్తి. ఈ సంగతి అతనికి చిన్నప్పుడే తెలుసు. ఆ బొమ్మ బడి వరండాలో వేలాడే రోజుల్లో స్నేహితులందర్నీ లాక్కెళ్ళి మరీ చూపించేవాడు. “అదిగో, అది నేనే.”

బొమ్మ వస్తోందని చెప్పిన రోజున మాణిక్యం అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. జన్మలో ఏదీ అడగని మనిషి సూది ఆపి అడిగింది.

“ఒరే భానూ, కింద పేర్లు రాత్తారంటగా ఆ బొమ్మలకి?”

“రాస్తారే. రాసేది నేనే.”

“అయితే రాయి. నాదొక్కటే కాదు. మోకాలి పక్కనున్న పేరు కూడా రాయి. నాది మర్చిపోయినా పర్లేదు, అది మర్చిపోకు.”

భానుమూర్తికి సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక కూడా అమ్మకి తన మీద ఎంత ముద్దో అనుకున్నాడు. “రాస్తాలే” అన్నాడు. మాణిక్యం తల ఊపి మళ్ళీ సూది ఆడించింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అతను చెప్పులు విప్పకుండానే అడిగేది, రాశావా అని.

అతను రాశాడు కూడా. అందంగా అచ్చు వేయించి బొమ్మ కింద అంటించాడు. ‘కడలి మాణిక్యం, లేసు అల్లుతూ. పక్కన ఆమె బిడ్డ.’ తన పేరు తనే వేసుకోవడం బాగుండదని బిడ్డ అని ఊరుకున్నాడు.

బొమ్మ సొంతదారు బిక్కిన రాజశేఖరం గారు ఏర్పాట్లు చూసుకోడానికి వచ్చారు. ఆయనకి ప్లాస్టిక్ పైపుల కంపెనీ ఉంది. రాష్ట్రంలో సగం బోర్లు ఆయన పైపుల మీదే బతుకుతున్నాయి. వెంట మండలి కార్యదర్శి అయ్యగారి సదాశివరావు గారు. రాజశేఖరం గారు బొమ్మని తృప్తిగా చూసుకుని, కళ్ళజోడు పెట్టుకుని కిందికి వంగారు. వంగినాయన లేవడానికి కొంచెం టైం పట్టింది.

“ఎవరండీ ఈ మాణిక్యం?”

“మా అమ్మండి” అన్నాడు భానుమూర్తి.

“ఉన్నారా?”

“ఉందండి. పొద్దున్న పెసరట్టు వేసింది.”

రాజశేఖరం గారు కుర్చీ కోసం చూశారు. సదాశివరావు గారే స్వయంగా లాగి వేశారు. పైపుల ఆయన అందులో కూర్చుని, నొచ్చుకుంటూ చెప్పారు. “చూడండి, రోజూ పొద్దున్నే నేను ఈ బొమ్మ ముందు కూర్చుని కాఫీ తాగుతాను. ఈవిడ ఎవరికోసమో ఎదురు చూస్తూంటుంది. ఎంతసేపైనా కదలదు. నాకోసమే అనుకుంటాను. ఇరవయ్యేళ్ళ నుంచీ ఇంట్లో ఎవరూ నాకోసం ఎదురు చూళ్ళేదండి. ఇప్పుడు ఇది మీ అమ్మగారు, మీకు పెసరట్లు వేస్తారు అంటే, నేను కాఫీ ఎలా తాగాలి చెప్పండి?”

భానుమూర్తికి ఆయన మీద నిజంగానే జాలేసింది. సదాశివరావు గారికి మాత్రం చెమట పట్టింది. సాయంత్రానికి మిగతా సేకర్తలకి కబురందింది. రాత్రికి ఫోన్లు మొదలయ్యాయి. మా ఆవిడ కూడా ఎవరికైనా అమ్మేనా అని ఒకరు, మా ఆవిడకి బీపీ గట్రా ఉందని తేలితే బొమ్మ వెనక్కి తీసుకుంటానని ఇంకొకరు. ప్రతివాడి గోడ మీదున్న ఆవిడా వాడికోసమే ఎదురు చూస్తోందట. ఫిలిప్పు మాస్టారు తెలియక ఎంతమంది సంసారాలు నిలబెట్టారో.

మండలి అత్యవసర సమావేశం పెట్టింది. సదాశివరావు గారు గొంతు సవరించుకున్నారు.

“సభ్యులారా, మన ముందున్న అంశం బహు సున్నితమైనది. సేకర్తల రసానుభూతికి మూలకారణం చిత్రంలోని వ్యక్తి అజ్ఞాతంగా ఉండటం. అట్టి అజ్ఞాతం జాతి సంపద. దానిని పరిరక్షించుట మండలి విధి. ఇందుమూలంగా మనుష్యాకృతులున్న చిత్రాల కింద పేరు, ఊరు, బంధుత్వం సూచించు వివరములేవియు ఉండరాదని ప్రతిపాదిస్తున్నాను.”

అందరూ బల్లలు చరిచారు. సభ్యుల్లో ఒక రిటైర్డు తహసీల్దారు మాత్రం సందేహం వెలిబుచ్చాడు. “ఆడమనిషిని అజ్ఞాతం చేశాం, బాగుంది. పక్కన బిడ్డ సంగతేంటి? బిడ్డ ఉంటే ఆవిడ తల్లవుతుంది. తల్లైతే తండ్రి ఉంటాడు. తండ్రికి ఇంటిపేరుంటుంది, ఇంటిపేరుకి ఇల్లుంటుంది, ఇంటికి డోరు నంబరుంటుంది. ఇంకేం అజ్ఞాతం?”

రెవెన్యూలో పండిపోయినవాడి బుర్ర అలాగే ఉంటుంది. “అయితే అది బిడ్డ కాదు” అన్నారు సదాశివరావు గారు. “మరేమిటో నిపుణులు చెప్పాలి.”

నిపుణుడంటే భానుమూర్తి. అందరూ అతని వైపు తిరిగారు. దిండు అనొచ్చునా అని ఒకరందించారు. గంప అని ఇంకొకరు. భానుమూర్తి బొమ్మ ఫోటో చేతిలో పట్టుకుని ఆలోచించాడు. అతని దృష్టిలో నష్టపోయేది తనొక్కడే. పోతే తనే కదా పోయేది. పైగా పర్మనెంటు కాగితం కార్యదర్శి గారి బల్ల సొరుగులో ఉందని అందరికీ తెలుసు.

“పసుపుపచ్చగా, గుండ్రంగా ఉంది కాబట్టి గుమ్మడికాయ అనుకోడానికి అవకాశం ఉందండి” అన్నాడు.

సభ ఊపిరి పీల్చుకుంది. ‘స్త్రీ మోకాలి చెంతనున్నది గుమ్మడికాయగా నిర్ధారించడమైనది’ అని తీర్మానం రాసుకున్నారు. తనని తాను గుమ్మడికాయగా తీర్మానించుకుని, అల్లం టీ తాగి, భానుమూర్తి ఇంటికెళ్ళాడు.

మర్నాడే కుర్చీ వేయడం, కాఫీ తెప్పించడం జరిగాయి.

“భానుమూర్తి గారూ, అపార్థం చేసుకోకండి” అన్నారు సదాశివరావు గారు. “మీ మాతృమూర్తి మీకు తెలియదని మేము అనడం లేదు. చిత్రంలోని స్త్రీ ఎవరో మీకు తెలియదని మాత్రమే. కానీ చిత్రంలోని స్త్రీకీ మీ మాతృమూర్తికీ పోలిక ఉందన్న సంగతి మీకు తెలిసినంత కాలం, ఆ స్త్రీ మండలికి తెలిసినట్టే లెక్క. మీరు మండలి ఉద్యోగి కదా. కనుక రెండూ తెలియకపోవడం శ్రేయస్కరం. దీన్ని అపరిచయ ధ్రువపత్రం అంటాం.”

భానుమూర్తి కాఫీ గ్లాసు కింద పెట్టి సంతకం చేశాడు. గబగబా చేశాడు, మళ్ళీ చదవకుండా. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూంటే తల్లి అడిగింది, రాశావా అని. ఆఫీసులో పని ఒత్తిడిగా ఉందన్నాడు.

అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? ప్రారంభోత్సవానికి ముందే యాత్రికులు రావడం మొదలెట్టారు. మ్యూజియం తెరవలేదంటే ఊరికే తిరుగుతూ మాణిక్యం అరుగు ముందు ఆగిపోయేవారు. పొద్దున ఎండ అదే ఎడమ వైపు నుంచి పడుతుంది. ఆవిడ అదే గుమ్మానికి చేరగిలబడి అలాగే తల వంచుకుంటుంది. చూసినవాడు ఫోను పైకెత్తకుండా ఎలా ఉంటాడు? మండలి మున్సిపాలిటీకి రాసింది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి అరుగుకి ఆకుపచ్చ వల కట్టి, ఎండని అక్రమ ప్రవేశంగా పరిగణించి ఆపేశారు. వీధి మొదట్లో ‘అజ్ఞాత స్త్రీకి దారి’ అని బోర్డు పెట్టి, బాణం గుర్తు మ్యూజియం వైపు తిప్పారు. ఇరుగుపొరుగు చేత ఆవిడెవరో తమకు తెలియదని సంతకాలు తీసుకున్నారు. పక్కింటి బుల్లెమ్మ సంతకం చేసి, ఆ పెన్ను పట్టుకునే గోడ మీంచి “మాణిక్యమ్మక్కా, కాసింత పెరుగు తోడుకుంటే ఇయ్యవా” అని అడిగింది.

చివరికి పింఛను దగ్గరికొచ్చింది. ముసలివాళ్ళు బతికే ఉన్నారని ఏటా గుర్తుపట్టి రాసుకోవాలి. సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి చిన్నప్పుడు మాణిక్యం దగ్గర లేసు నేర్చుకున్నదే. మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది.

“మిమ్మల్ని గుర్తుపట్టకూడదని పైనుంచి ఆర్డరొచ్చిందండి మామ్మగారూ. గుర్తుపడితే నా ఉద్యోగం పోద్ది.”

“గుర్తుపట్టొద్దులే. కూర్చో, మజ్జిగ తాగు” అంది మాణిక్యం.

ఆ పిల్ల మజ్జిగ తాగి, కళ్ళు తుడుచుకుని, ‘లబ్ధిదారు గుర్తించబడలేదు’ అని రాసుకుని వెళ్ళింది. భానుమూర్తి మొదటిసారి గట్టిగా మాట్లాడాలని కార్యదర్శి గదిలోకి వెళ్ళాడు. సదాశివరావు గారు ఏమాత్రం కోప్పడలేదు. విచారంగా తల పంకించారు.

“పరిష్కారం బహు తేలిక. ఆవిడ కూడా ఒక అపరిచయ పత్రం ఇస్తే సరి. బొమ్మలో ఉన్నావిడ తాను కాదని ఆవిడే ఒప్పుకుంటే, ఆవిడ ఆవిడేనని మేం ఒప్పుకుంటాం.”

ఆ కాగితం పట్టుకుని భానుమూర్తి మధ్యాహ్నం పూట ఇంటికొచ్చాడు. ఆకుపచ్చ వల కింద మాణిక్యం కూర్చుని ఉంది. ఆ వెలుగులో దారం సరిగా కనబడక పోగు మళ్ళీ మళ్ళీ విప్పుతోంది. అతను విషయం చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల్లి మొహం చూడలేదు.

“ఏంటంట అందులో?”

“బొమ్మలో ఉన్న ఆడమనిషెవరో నాకు తెలీదు అని.”

“అంతేనా? చేసేత్తాలే. నాకేం పోయింది.” సంతకం చెయ్యడానికి పెన్ను తీసుకుని, ఆగింది. “పక్కనున్న దాని ఊసేం లేదుగా ఇందులో?”

“లేదు. దానికి అక్కర్లేదు. అది...” భానుమూర్తి నవ్వబోయాడు. “అది గుమ్మడికాయని తీర్మానం చేశారు. నేనే చెప్పాను. మరీ గొడవెందుకని.”

మాణిక్యం నవ్వలేదు. పెన్ను అరుగు మీద పెట్టింది.

“నువ్వే చెప్పావా.”

“నా గురించే కదే. నేను గుమ్మడికాయైతే ఎవరికేం బాధ?”

“అది నువ్వు కాదురా” అంది మాణిక్యం. “మీ అక్క.”

అక్క ఒకర్తి ఉండేదని, తను పుట్టకముందే పోయిందని భానుమూర్తికి తెలుసు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకని అతనూ ఎత్తలేదు. ఆ క్షణాన పేరు గుర్తు తెచ్చుకోడానికి కూడా కష్టపడాల్సి వచ్చింది.

“వరం” అంది మాణిక్యమే. “జొరం దానికి. రాత్రంతా ఏడిచి ఏడిచి, పొద్దున్నే నా మోకాలికి తలానించి అప్పుడే కునుకు తీసింది. పసుపుపచ్చ గౌను. మాస్టారొచ్చి ఎదురుగా పీట వేసుక్కూర్చుని, కదలమాకు మాణిక్యం, ఎండ బాగుంది అన్నాడు. ఆయన చెప్పాలా ఏంటి. నేను కదిల్తే అది లేచిపోద్ది. ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాను. ఎండ మారిపోయిందని ఆయన లేచి ఎల్లిపోయాడు. నేను మాత్రం లేవలేదు.”

భానుమూర్తి అరుగు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

“ఆ వారంలోనే పోయింది. జొరం తగ్గాక స్టూడియోకి తీసుకెల్లి ఫోటో తీయిద్దామన్నాడు మీ నాన్న. తగ్గలేదు. దాని బొమ్మ అదొక్కటే లోకంలో.”

“మరి చిన్నప్పుడు అది నేనేనని ఊరంతా చెప్పుకు తిరిగితే కాదని చెప్పలేదేంటమ్మా?”

“ఎలా చెప్పను? నువ్వు అంత సంబరపడతా ఉంటే. దాని చోట్లో నువ్వే కూర్చున్నావులే అనుకున్నాను.” మాణిక్యం కాగితం దగ్గరికి లాక్కుంది. “నా పేరు తీసేసుకోమను. దాని పేరు రాత్తావనే ఇన్నాళ్ళూ అడిగాను.”

ఆవిడ సంతకం చేసి, కాగితం అతని చేతిలో పెట్టి, లేసు అందుకుంది. భానుమూర్తికి ఏడుపొచ్చింది. పెద్దవాడయ్యాక తల్లి ఎదురుగా ఏడవడం అదే మొదలు. ఆమె ఓదార్చలేదు. పోగు విప్పి మళ్ళీ అల్లడం మొదలెట్టింది.

మర్నాడు అతను సదాశివరావు గారి ముందు నిలబడి అంతా చెప్పాడు. గుమ్మడికాయ కాదు, మా అక్క అన్నాడు. పేరు రాయనివ్వండి, నా పర్మనెంటు మీరే ఉంచుకోండి అన్నాడు. సదాశివరావు గారు మంచివారే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కానీ తీర్మానం తీర్మానమే.

“గుమ్మడికాయను బాలికగా మార్చాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి. బాలికగా మారిందా, తక్షణం మనుష్యాకృతి నిబంధన వర్తిస్తుంది, పేరు రాయకూడదు. గుమ్మడికాయగానే ఉన్నదా, అది వస్తు విభాగంలోకి వస్తుంది. వస్తువులకైతే నిబంధన వేరు.” అలవాటు కొద్దీ నిబంధనల పుస్తకం తీసి చదివారు. “‘చిత్రములలోని పండ్లు, కాయగూరలు, పాత్రలు మొదలగు వాటి విషయమై పేరు, రకము, ప్రాంతము, వయస్సు తెలిసినచో సందర్శకుల విజ్ఞానార్థం తప్పక పేర్కొనవలెను.’ అది వేరే సంగతి.”

భానుమూర్తి ముందుకు వంగి పుస్తకంలోకి చూశాడు.

“తప్పక పేర్కొనాలాండి?”

“తప్పక. గత తనిఖీలో కూజాల వయసు వేయలేదని అక్షింతలు పడ్డాయి మనకి. ఎందుకడుగుతున్నారు?”

“ఏం లేదండి. గుమ్మడికాయ వివరాలు నా దగ్గరున్నాయి. వేసేస్తాను.”

“వేయండి, వేయండి” అన్నారు సదాశివరావు గారు పెద్ద గండం గడిచినట్టు. కాయగూరల దస్త్రం కార్యదర్శి స్థాయిలో చదవక్కర్లేదు కనుక చదవకుండానే సంతకం చేశారు.

ప్రారంభోత్సవం రోజున గోదాము ముందు మామిడాకులు కట్టారు. రాజశేఖరం గారు రిబ్బను కత్తిరించి, తిన్నగా తన బొమ్మ దగ్గరికి నడిచి, మనసు కుదుటపడి, కాఫీ తెమ్మన్నారు. కప్పు చేతికొచ్చాక, తాగేముందు కింద ఏం రాశారో చూద్దామని వంగారు.

‘గుమ్మం దగ్గర స్త్రీ. స్త్రీ ఎవరో తెలియదు. మోకాలి పక్కన గుమ్మడికాయ. పేరు: కడలి వరం. ఊరు: నరసాపురం. వయసు: మూడేళ్ళు. జ్వరం వచ్చి అప్పుడే నిద్రపోయింది. స్త్రీ అందుకే కదలడం లేదు.’

రాజశేఖరం గారు అలాగే వంగి ఉండిపోయారు. కప్పులో కాఫీ తొణికి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. పక్కనే సదాశివరావు గారు చదివి పాలిపోయారు. అది మనుష్యాకృతి అందామా అంటే తీర్మానం తనదే, అనకుండా ఉందామా అంటే వివరాలు నిబంధన ప్రకారమే ఉన్నాయి. “గుమ్మడికాయేనండి. వస్తు విభాగం” అన్నారు ఎవరూ అడక్కుండానే. రాజశేఖరం గారు బొమ్మనే చాలాసేపు చూశారు. కాఫీ కప్పు అటెండరుకి ఇచ్చేశారు. ఆవిడ ఎవరికోసం కదలకుండా కూర్చుందో ఇన్నాళ్ళకి ఆయనకి తెలిసింది. ఇక మీదట ఆ కాఫీ ఎక్కడ తాగుతారో ఆయనిష్టం.

మిగతా సేకర్తలు మాత్రం తేరుకున్నారు. భోజనాల వేళకి ఇద్దరు ముగ్గురు సదాశివరావు గారిని పక్కకి పిలిచి, తమ బొమ్మల్లో కూడా పేరున్న కాయగూరలేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. ఈ సంగతి వచ్చే సమావేశంలో పెట్టాలని ఆయన రాసుకున్నారు.

జనం పల్చబడ్డాక మాణిక్యం వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. టిక్కెట్టు దగ్గర పేరు అడిగితే, చెప్పకూడదంట బాబూ అంది. భానుమూర్తి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. అక్షరాలు చిన్నవి కావడంతో ఆవిడకి ఆనలేదు. అతను పక్కన వంగి, గుమ్మడికాయ దగ్గర్నుంచి చదివి వినిపించాడు.

“ఇంటిపేరు కూడా ఏశావా?”

“వేశానమ్మా.”

“మంచి పని చేశావు.”

ఎదురుగా సందర్శకుల కోసం ఒక బల్ల ఉంది. మాణిక్యం దాని మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కొంచెం వంచి, కుడి మోకాలు కొంచెం పక్కకి జరిపి అలా ఉండిపోయింది. అటెండరు పరిగెత్తుకొచ్చాడు. మండలి నిబంధనల్లో ఆ భంగిమలో ఎవరూ కూర్చోకూడదని ఉంది. భానుమూర్తి నోరు తెరిచేలోపే అటెండరు, “మామ్మగారూ, అలా కూర్చోకూడదండి. లేవండి” అన్నాడు.

మాణిక్యం తలెత్తలేదు. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

“కాసేపాగు బాబూ. పిల్ల పడుకుంది.”